నాలుగున్నర కూత

మా మిల్లు సైరన్ కూత వేసే అతను పోయిన కబురు నాకు పన్నెండు రోజులు ఆలస్యంగా తెలిసింది. ఈ ఏప్రిల్ చివరి వారంలో ఒక ఉదయం, గుంటూరు బ్రాడీపేటలో మేముంటున్న వాటాకి అతని కూతురు వచ్చింది. ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. గడప దగ్గర చెప్పులు విడిచి, కూర్చోమన్నా కూర్చోకుండానే చెప్పింది. పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడట.

"ఎన్నింటికమ్మా?" అని అడిగాను.

అడిగాక సిగ్గేసింది. ముప్పై ఏళ్ళు గడియారం చూసే ఉద్యోగం చేసినవాడి నోటికి ముందుగా వచ్చే మాట అదే. ఆ అమ్మాయి తప్పుపట్టలేదు.

"మీరు అది అడుగుతారని అమ్మ ముందే చెప్పింది సార్. పొద్దుటి కూతకి కాస్త ముందు" అంది.

తర్వాత వచ్చిన పని చెప్పింది. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలో అతని జ్ఞాపకార్థం కూడిక పెట్టుకున్నారు. తండ్రి గురించి నాలుగు మాటలు ఈ అమ్మాయే చెప్పాలి. భూస్థాపన రోజున వచ్చిన ఆడవాళ్ళందరూ ఒకే సంగతి చెప్పుకున్నారట. మే ఒకటో తారీఖున అతను మిల్లు కూత అరగంట ముందే వేసేవాడని, కల్లాల్లో పనిచేసే ఆడవాళ్ళ కోసం వేసేవాడని. పాత మేనేజరుగారిని అడిగితే ఆయన కొట్టిపారేశారు. అలాంటిదేమీ లేదు, గుమస్తాగారి డైరీలో, అంటే నా డైరీలో, అయిదని రాసి ఉంది, అందరం చూశాం అన్నారు.

"నాన్న బతికుండగా నేనూ ఒకసారి అడిగాను సార్. నవ్వి ఊరుకున్నాడు. ఇది చర్చిలో నిలబడి చెప్పాల్సిన మాట. నిజమైతేనే చెప్తాను. లేకపోతే ఆ ఊసే ఎత్తను. మీ డైరీ ఒకసారి చూపిస్తారా?"

డైరీలన్నీ మంచం కింద ట్రంకు పెట్టెలో ఏడాది వరసన ఉన్నాయి. ఏ పేజీలో ఏముందో నాకు చూడకుండానే తెలుసు. అయినా వెతుకుతున్నట్టు కాసేపు పెట్టె ముందు కూర్చున్నాను. ఆ పేజీ చూపిస్తే అతని గురించి నేను రాసిన అబద్ధమే కనిపిస్తుంది. దాన్ని చదివి ఈ పిల్ల వెనక్కి వెళ్ళిపోతుంది. ఆదివారం నాడు ఆ మాట ఎవరూ ఎత్తరు.

మా మిల్లు అద్దంకికి నాలుగు మైళ్ళ ఇవతల, రోడ్డు పక్కన ఉంది. పత్తిలో గింజ తీసి దూదిని బేళ్ళు కట్టేవారు. ఆ గింజల్లోంచి నూనె తీసేవారు. చుట్టూ నల్లరేగడి, ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప. నేను అక్కడ టైమ్ కీపర్ని. అందరూ గుమస్తాగారనే పిలిచేవారు. అతను గేటు కాపలా మనిషి. కానీ కాపలా సంగతి ఎవరికీ గుర్తుండేది కాదు. అతనంటే కూత.

రోజుకి నాలుగు కూతలు. పొద్దున ఏడుకి ఎక్కే కూత, పన్నెండుకి అన్నం కూత, ఒంటిగంటకి మళ్ళీ ఎక్కే కూత, అయిదుకి దిగే కూత. మిల్లు కప్పు మీద కరెంటు సైరన్ ఉండేది గాని, కరెంటు ఎప్పుడు ఉంటుందో ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. అందుకని గేటు గది పక్కన ఇనప స్టాండు మీద చేత్తో తిప్పే సైరన్ బిగించారు. దాన్ని అతను తప్ప ఎవరు తిప్పినా గొంతు పట్టినట్టు మూలిగేది. అతను తిప్పితే రెండు మైళ్ళ దూరం వినపడేది. ఏళ్ళ తరబడి తిప్పి తిప్పి అతని కుడి భుజం ఎడమ భుజం కన్నా లావెక్కింది. చొక్కా ఒక పక్కనే చిరిగేది.

అతనికి గడియారం లేదు. నా పాత చేతి గడియారం ఇస్తానంటే వద్దన్నాడు. చేతికి కడితే తిప్పేటప్పుడు గుచ్చుకుంటుందన్నాడు. కూతకి అయిదు నిమిషాల ముందు నా కిటికీ దగ్గరికొచ్చి నిలబడేవాడు. గోడ గడియారం కేసి చూసేవాడు కాదు, నా కేసి చూసేవాడు. భుజం మీది తువ్వాలు తీసి కుడి అరచేతికి చుట్టుకునేవాడు. పెద్దముల్లు గీత మీదికి రాగానే నేను కలం పైకెత్తేవాణ్ణి. అతను రెండంగల్లో సైరన్ దగ్గరికి చేరి కళ్ళు మూసుకుని తిప్పేవాడు. ఎప్పుడూ కళ్ళు తెరిచి తిప్పగా నేను చూడలేదు.

ఆ గోడ గడియారాన్ని నేను రోజూ పొద్దున రేడియో వార్తల టైముకి సరిచేసేవాణ్ణి. దాని గురించి మిల్లులో చాలా వేళాకోళం నడిచేది. దిగే కూత ముందు హమాలీలు బేళ్ళ మీద కూర్చుని అతన్ని ఏడిపించేవారు. "ఒరేయ్, ముందు తిప్పరా, పుణ్యముంటుంది" అని ఒకడంటే, "నా చేతిలో ఏముందిరా, ఆ కలం లేవాలి" అనేవాడు. "ఆ కలం పెట్రోలు పోసినా ముందుకి కదలదురా" అని ఇంకొకడు. నాకు వినపడాలనే అనేవారు. అతను మాత్రం నవ్వేవాడు కాదు. ఆ కలాన్ని అతను నాకన్నా ఎక్కువ గౌరవించాడని తర్వాత నాకు అర్థమైంది.

దిగే కూత వేసి, చేతి తువ్వాలు విప్పుకుంటూ ఒక మాట అనేవాడు. పైకి కాదు, తనలో తనే. "దిగండమ్మా, దిగండి."

మా మిల్లు లోపల ఆడవాళ్ళు తక్కువ. ఆ మాట ఎవరితో అంటున్నాడని మొదట్లో నేను పట్టించుకోలేదు.

అతను ఆ మాట అంటున్నది బయట చేలల్లో ఉన్నవాళ్ళతో. అతని భార్య మార్తమ్మ, అతన్ని పెంచిన అక్క, వాళ్ళ పేటలో ఆడవాళ్ళందరూ రైతుల దగ్గర కూలికి వెళ్ళేవాళ్ళు. ఒకప్పుడు పొద్దు గూకేదాకా పని. ఎండాకాలంలో పొద్దు ఎంతకీ గూకదు. దాని మీద రైతులకూ కూలీలకూ పెద్ద తగాదా అయ్యి, చివరికి పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. మిల్లు కూతకి ఎక్కడం, మిల్లు కూతకి దిగడం. ఇక సూర్యుణ్ణి చూసి వాదించుకోవడం లేదు. రైతు ఇంకాసేపు ఉండమన్నా కూత పడిందంటే లేచిపోవచ్చు. కూత పడకుండా లేస్తే ఆ పూట కూలి అడగడానికి లేదు. ఇలా మా మిల్లుకి ఏ సంబంధమూ లేని రెండు మూడు వందల మంది ఆడవాళ్ళు నా కలాన్ని బట్టి కూర్చునేవాళ్ళు, లేచేవాళ్ళు. వాళ్ళలో ఒక్కరి పేరు కూడా నా హాజరు పట్టీలో లేదు.

ఆ కారణంగానే అతనికి ఆదివారం కూడా కూత తప్పేది కాదు. మిల్లు మూసినా, వాళ్ళ పేట చర్చికి వెళ్ళినా, ఆదివారం పనిచేసే మిగతా ఊరు వినాలి కదా అనేవారు. అతను ప్రార్థన మధ్యలో లేచి వచ్చి అన్నం కూత వేసి మళ్ళీ వెళ్ళేవాడు.

ప్రతి జనవరిలోనూ కొత్త డైరీ రాగానే నా బల్ల దగ్గరికొచ్చి ఒకే ప్రశ్న అడిగేవాడు. "మే ఒకటి ఈసారి ఏ వారం పడిందండీ?"

చెప్పేవాణ్ణి. తల ఊపి వెళ్ళిపోయేవాడు. మిల్లు సెలవుల జాబితాలో నాలుగు రోజులు చట్టప్రకారం ఖాయం. జనవరి ఇరవై ఆరు, మే ఒకటి, ఆగస్టు పదిహేను, అక్టోబరు రెండు. మిగిలిన పండగలు మేనేజరూ కార్మికులూ కూర్చుని ఎంచుకునేవారు. మే ఒకటిన గేటు దగ్గర ఎర్ర జెండా ఎగరేసేవారు, బూందీ పంచేవారు, లారీ ఎక్కి అద్దంకి ఊరేగింపుకి వెళ్ళేవారు. అతను గేటు తెరిచి లారీని పంపించి, గేటు వేసుకుని, అన్నం కూత కోసం కూర్చునేవాడు. దానికి బదులు ఇంకో రోజు సెలవిస్తామంటే తీసుకునేవాడు కాదు. "ఆ రోజైతే అందరితో పాటండి. వేరే రోజు నేనొక్కణ్ణే ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?" అనేవాడు. కూతకి సెలవేంటయ్యా అని మేనేజరుగారు నవ్వేవారు.

పంతొమ్మిది వందల ఎనభై రెండు సెలవుల జాబితా రాసేటప్పుడు నేను పట్టుబట్టి అతని పేరు కూడా చేర్చాను. చట్టంలో అందరికీ అని ఉంది, కూతవాడికి తప్ప అని లేదు కదా అన్నాను. మేనేజరుగారు ఒప్పుకున్నారు. ఒక్క రోజు కూయకపోతే ఊరేం మునిగిపోదన్నారు. నేను న్యాయం చేశాననుకున్నాను.

ఆ సంవత్సరం మే ఒకటి శనివారం. అతను ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబుకి ఎర్ర రిబ్బను గుచ్చుకుని లారీ ఎక్కాడు. ఎక్కేముందు నా కేసి చూసి చెయ్యెత్తాడు. మిల్లు వెనక గదుల్లో నేనూ నా భార్యా కాపురముండేవాళ్ళం. ఆ రోజు డైరీలో నేను రాసిన వాక్యాలు రెండే. "కూతలు లేవు. ప్రశాంతంగా ఉంది."

మిల్లుకి ఒక మైలు దూరంలో ఒక రైతు మిరప కల్లం. ఎండబెట్టిన కాయల రాశుల పక్కన కూర్చుని, రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు పాతికమంది ఉన్నారు. కల్లంలో నీడ ఉండదు. అన్నం కూత పడితే పక్కనున్న పాక కిందికి వెళ్తారు. ఆ రోజు కూత ఉండదని వాళ్ళకెవరూ చెప్పలేదు. పొద్దున కూత వినపడకపోతే గాలి అటు వీచిందేమో అనుకుని పనిలో కూర్చున్నారు. మేం ఎవరమూ చెప్పాలనుకోలేదు. లారీ ఎక్కినవాడికి కూడా ఆ ఆలోచన రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చిందని వాళ్ళకు తెలుస్తూనే ఉంది. అడిగితే మేస్త్రీ, కూత పడనివ్వండి అన్నాడు. ఆ మేస్త్రీ కూడా నిజంగా కూత కోసమే చూస్తున్నాడట. కాసేపట్లో పడుతుంది, ఇదిగో ఇప్పుడు పడుతుంది అనుకుంటూ ఏరుతూనే ఉన్నారు. చివరికి మా కూతవాడి అక్క రాశి మీదికి ఒరిగిపోయింది. వడదెబ్బ. ముఖమంతా మిరపకాయలు అతుక్కుని ఉన్నాయని మార్తమ్మ చెప్పింది. ఎడ్లబండి మీద అద్దంకి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ బండి ఊరేగింపుకి ఎదురొచ్చిందట. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. అందులో ఉన్నది ఎవరో లారీ మీద ఉన్న అతనికి తెలియదు.

అక్క బతికింది. కానీ ఆ తర్వాత ఎండ మొహం చూస్తే కళ్ళు తిరిగి పడిపోయేది. మళ్ళీ కల్లానికి వెళ్ళలేదు.

మూడో తారీఖు పొద్దున అతను మామూలుగానే ఏడు కూత వేశాడు. తర్వాత నా కిటికీ దగ్గరికొచ్చి ఆ ఎర్ర రిబ్బను బల్ల మీద పెట్టాడు.

"ఎనిమిది గంటల పని అని మైకులో చెప్తున్నారండీ. అందరితో పాటు నేనూ చెయ్యెత్తాను. అప్పుడు మా అక్క కల్లంలో ఉంది" అన్నాడు.

జాబితా రాసింది నేనే కదా అన్నాను. "అడిగింది నేనండి" అన్నాడు. అంతే. మా ఇద్దరి మధ్యా దాని గురించి ఇంకో మాట రాలేదు. ఆ రిబ్బను ఇప్పటికీ ఎనభై రెండు డైరీలో ఆ పేజీ దగ్గరే ఉంది.

ఎనభై మూడులో మే ఒకటి ఆదివారం పడింది. వాళ్ళ పేట ఆడవాళ్ళు ఆదివారం చర్చికి తప్ప పనికి వెళ్ళరు కనుక బాధ లేకపోయింది. మిల్లు కార్మికులు మాత్రం ఒక సెలవు పోయిందని, సోమవారం ఇవ్వమని గొడవ చేశారు. మేనేజరుగారు పండగ ఎప్పుడు వస్తే అప్పుడే అన్నారు. ఆ గొడవలో అతను కలగజేసుకోలేదు. ఆ నెలలోనే వెళ్ళి మేనేజరుగారితో, ఇక మీదట మే ఒకటిన తనకు సెలవు వద్దని చెప్పాడు. అన్నేళ్ళు అడిగి ఇప్పుడిదేం బుద్ధి అని ఆయన నవ్వారు.

ఎనభై నాలుగు, మే ఒకటి, మంగళవారం. లారీ వెళ్ళిపోయింది. మిల్లు ఖాళీ. మెయిన్ స్విచ్ దించేశారు కనుక చేతి సైరనే. సెలవు రోజు నేను కిటికీలో ఉండను. మూసి ఉన్న ఆఫీసు కిటికీ అద్దంలోంచి లోపలి గోడ గడియారం చూసుకుని అతనే వేసుకోవాలి. ఏడు కూత ఏడుకే పడింది. పన్నెండు కూత పన్నెండుకే. ఒంటిగంటదీ అంతే. నా చేతి గడియారంతో చూసి మూడూ డైరీలో రాసుకున్నాను. సాయంత్రం కాఫీ తాగుతుండగా దిగే కూత పడింది. గడియారం చూసుకున్నాను. నాలుగున్నర.

గడియారం చెవి దగ్గర పెట్టుకున్నాను. నడుస్తోంది. చొక్కా తొడుక్కుని గేటు దగ్గరికి వెళ్ళాను. అతను చేతి తువ్వాలు విప్పుకుంటున్నాడు. నన్ను చూసి తడబడలేదు.

"మీ గడియారంలో ఎంతయిందండీ?"

"నాలుగున్నర."

"నిజమేనండి" అన్నాడు. "అరగంట తక్కువే. రోజంతా ఇవ్వడం నా చేతుల్లో లేదు గదండీ."

రోడ్డుకి అవతల కల్లాల్లోంచి ఆడవాళ్ళు వస్తున్నారు. చీర కొంగులు దులుపుకుంటూ, నోటికి కట్టుకున్న గుడ్డలు విప్పుకుంటూ, వరసగా గట్టు మీద నడుస్తున్నారు. మా గేటు ముందు నుంచే వాళ్ళ పేటకి దారి. ఒక్కరూ గేటు వైపు చూడలేదు. అతనూ వాళ్ళ వైపు చూడలేదు.

"తెలిస్తే నీ ఉద్యోగం ఉంటుందా?" అన్నాను.

"ఉండదండి. రాసుకోండి. రాయకుండా మీరు ఉండలేరు, నాకు తెలుసు."

ఇంటికొచ్చి డైరీ ముందు కూర్చున్నాను. పదహారో ఏట మొదలుపెట్టిన అలవాటు. తండ్రి పోయిన రోజునా, బిడ్డ పుట్టి పోయిన రోజునా జరిగింది జరిగినట్టే రాశాను. తప్పు పడితే కొట్టివేయకుండా, కింద ఆ రోజు తారీఖు వేసి సరిదిద్దుకోవడం నా పద్ధతి. ఆ సాయంత్రం "దిగే కూత" అని రాసి ఆగాను. రెండేళ్ళ కిందట ఇదే తారీఖున "ప్రశాంతంగా ఉంది" అని రాసినవాణ్ణి. ఆ వాక్యంలో ఒక్క అక్షరం అబద్ధం లేదు. అలాంటి నిజం రాసిన చేత్తో ఇప్పుడు నాలుగున్నర అని రాయడానికి మనసొప్పలేదు. "5-00" అని రాశాను. అది ధైర్యమని నేను అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. నేను ఏం రాశానో అతనికి చెప్పలేదు.

ఎనభై అయిదులోనూ అలాగే వేశాడు. నేనూ అలాగే రాశాను.

ఎనభై ఆరులో ఒక రైతు కొత్తగా అంకెలు కనపడే చేతి గడియారం కొన్నాడు. మా మిల్లుకి బాగా పత్తి తోలే రైతు. మే రెండున నేరుగా యజమాని గదిలోకి వచ్చి కూర్చున్నాడు. మమ్మల్నిద్దర్నీ పిలిచారు. మేనేజరుగారూ ఉన్నారు.

"మా కల్లంలో ఆడాళ్ళు నిన్న నాలుగున్నరకే లేచి చీరలు దులుపుకున్నారండీ. అదేంటమ్మా అంటే కూత పడిందిగా అన్నారు. కూత నేనూ విన్నాను. ఇదిగో, ఈ గడియారంలో నాలుగు ముప్పై" అన్నాడు రైతు.

యజమాని నెమ్మదస్తుడు. గొంతు పెంచకుండానే అతన్ని అడిగాడు. దొంగ కూత వేసి ఉంటే రేపటి నుంచి గేటు నీకు తెరవరు, తెలుసుగా అని ముందే చెప్పి, "ఎన్నింటికి వేశావు?" అన్నాడు.

అతను చేతులు కట్టుకుని నిలబడ్డాడు. నా కేసి చూశాడు. రోజూ కలం లేవడం కోసం చూసే చూపే.

"గుమస్తాగారు ఎంత రాస్తే అంతేనండి" అన్నాడు.

నేను నిజమే రాసి ఉంటానని అతని నమ్మకం. ఉద్యోగం పోతుందని తెలిసే ఆ మాటన్నాడు. నన్ను డైరీ తెమ్మన్నారు. తెచ్చి యజమాని ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివాడు. "దిగే కూత, 5-00."

రైతు ఒప్పుకోలేదు. గుమస్తాగారి గడియారమే తప్పు నడుస్తోందేమో అన్నాడు. యజమాని పుస్తకం మూసి, ముప్పై ఏళ్ళుగా ఈ మిల్లు ఆయన గడియారం మీదే నడుస్తోంది, మీది కొన్నదెప్పుడు అని అడిగాడు. మేనేజరుగారు నవ్వారు. రైతు లేచి వెళ్ళిపోయాడు.

నేను అతని ముఖంలో ఊరట కనపడుతుందనుకున్నాను. కనపడలేదు. గదిలోంచి బయటికొచ్చాక ఇద్దరం గేటు దాకా నడిచాం. అక్కడ ఆగి అన్నాడు.

"మీ పుస్తకం పాడు చేశానండి."

"నా పుస్తకం నా ఇష్టమయ్యా" అన్నాను.

తల అడ్డంగా ఊపాడు.

ఎనభై ఏడు మే ఒకటి మిల్లులో నాకు ఆఖరిది. ఆ నెలాఖరున పదవీ విరమణ. నాలుగుంపావుకే గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. నాలుగున్నర అయింది. అతను స్టూలు మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. లేవలేదు. రోడ్డుకి అవతల కల్లంలో ఆడవాళ్ళు తలలెత్తి మిల్లు వైపు చూడటం నాకు కనపడింది. కాసేపు చూసి మళ్ళీ తలలు వంచారు. అయిదయింది. లేచి, ఆఫీసు కిటికీలోంచి చూసుకుని, తువ్వాలు చేతికి చుట్టుకుని, కళ్ళు మూసుకుని తిప్పాడు. దిగండమ్మా అన్నాడో లేదో వినపడలేదు.

ఎందుకు మానేశావని అడిగాను.

"నా తప్పు నా దగ్గర ఉన్నన్నాళ్ళు చేశానండి. అది మీ పుస్తకంలోకి వచ్చేసింది. మీ చేత మళ్ళీ రాయించలేను."

నేను రాసిన అబద్ధం అతని ఉద్యోగం నిలబెట్టింది. ఆ ఆడవాళ్ళ అరగంట మాత్రం దానితోనే పోయింది. ఎనభై నాలుగు, ఎనభై అయిదు, ఎనభై ఆరు. మొత్తం కలిపి మూడు సాయంత్రాలు.

ఇవన్నీ ఆ అమ్మాయికి చెప్పాను. డైరీలు తీసి ముందు పెట్టాను. మూడు పేజీలూ చదివింది. ఎర్ర రిబ్బను చేత్తో పట్టుకుని చూసి మళ్ళీ అక్కడే పెట్టింది. "అయితే అందులో ఉన్నది నిజం కాదు కదా సార్?" అంది. కాదన్నాను. ముప్పై ఏళ్ళ పుస్తకాల గురించి ఆ మాట అనడం నాకు తేలిక కాలేదు. ఆమె ఎదురుగానే కలం తీసి, మూడు పేజీల్లోనూ ఆ పద్దు కింద దిద్దుతున్న రోజు తారీఖు వేసి ఒకే మాట రాశాను. "సవరణ: దిగే కూత 4-30. కావాలనే వేశాడు. నాకు తెలుసు."

"ఇది మీరే వచ్చి చదవండి సార్" అంది.

సభల్లో నేను ఎప్పుడూ మాట్లాడలేదు. అయినా ఆదివారం బస్సెక్కాను. చర్చి చిన్నది, చాపలు పరిచారు. ఆడవాళ్ళు ఒక పక్క, మగవాళ్ళు ఒక పక్క. మేనేజరుగారు కూడా వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. ఆయన వైపు చూడకుండా మూడు పేజీలూ చదివాను. మొదట నేను రాసింది, తర్వాత దాని కింద సవరణ. నేను అబద్ధం రాశానని నా నోటితో చెప్పాను.

ముందు చాప మీద, తలకి తడిగుడ్డ కట్టుకుని కూర్చున్న ముసలామె అతని అక్క. ఆమె తల ఎత్తింది.

"కూత ముందే పడిందని మాకు తెలవదా అయ్యా?" అంది. "కల్లంలో కూసునేవాళ్ళకి నీడ చెప్పదా? పాతికమందికీ తెలుసంట. ఒక్కతీ నోరు మెదపలా. మా మార్తమ్మ ఇంటికొచ్చి ఆడి ముందు కూడా అనలా." తడిగుడ్డ సర్దుకుని మళ్ళీ అంది. "మీకూ తెలుసని ఆడు చెప్పలా. మాకు ఇయ్యాలే తెలిసింది."

మార్తమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. ఆ తర్వాత కూతురు లేచి నాలుగు మాటలు చెప్పి కూర్చుంది. అవి ఇక్కడ రాయను. అవి ఆమెవి.

ఆ పూట వాళ్ళింట్లోనే భోంచేసి, పాత స్నేహితుడొకరి ఇంట ఆగిపోయాను. మర్నాడు సోమవారం, మే ఒకటి. లారీ జెండాలతో అద్దంకి వెళ్ళింది. సాయంత్రం నాలుగుంపావుకి నడుచుకుంటూ మిల్లు దాకా వెళ్ళాను. గేటు దగ్గర కొత్త మనిషి, కుర్రవాడేం కాదు, నన్నెరగడు. చేతి సైరన్ స్టాండు ఉంది గాని దాని పిడికి తుప్పు పట్టింది. ఇప్పుడు కూతకి జనరేటరు పెట్టారు.

రోడ్డుకి అవతల కల్లం ఎర్రగా పరుచుకుని ఉంది. ఆడవాళ్ళు వంగి ఏరుతున్నారు. నాలుగున్నరకి ఇద్దరు ముగ్గురు తలలెత్తి మిల్లు వైపు చూశారు. నేను గడియారం చూసుకున్నాను. చేతిలో కలం కూడా లేదు. వాళ్ళు తలలు వంచారు. అయిదు కూత పడేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

స్నేహితుడి ఇంటికి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, డైరీ తెరిచి రాసుకున్నాను.

"మే 1, సోమవారం. ఎండ ఎక్కువ. దిగే కూత 5-00."